గ్రామసభ మినిట్స్ పుస్తకం ఎవరి దగ్గర ఉంది?

అందరికీ నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న. మీ గూడెం గ్రామసభ మినిట్స్ పుస్తకం, అంటే సభ తీర్మానాలు రాసే పుస్తకం, ఈ పూట ఎవరి దగ్గర ఉంది? ఆలోచించి చెప్పండి. సర్పంచ్ ఇంట్లోనా, పంచాయతీ కార్యదర్శి సంచిలోనా, మండల ఆఫీసు బీరువాలోనా? ముందు వరసలో తలకాయలు అడ్డంగా ఊగుతున్నాయి. సరే.

నన్ను మాట్లాడమన్న విషయం చాలా పెద్దది. దేశ రాజకీయాలు, ఆదివాసీ హక్కులు, ప్రపంచంలో జరుగుతున్న యుద్ధాలు. వీటి మీద నాకు అభిప్రాయాలున్నాయి, దాచుకోను. కానీ ఎటు తిరిగినా నా మాట ఆ పుస్తకం దగ్గరికే వస్తుంది. ఎందుకంటారా? ఢిల్లీలో ఎవరున్నా, హైదరాబాద్‌లో ఎవరున్నా, అమరావతిలో ఎవరున్నా, షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే మన ఏజెన్సీలో, భూమి చేతులు మారే ప్రతి ఫైల్లోనూ ఒక కాగితం ఉంటుంది. "గ్రామసభ ఏకగ్రీవంగా ఆమోదించింది" అనే కాగితం. ఆ కాగితం ఎలా పుడుతుందో తెలియకుండా ఎన్ని ధర్నాలు చేసినా ఫైలు ముందుకే పోతుంది.

మనకు చట్టాలు తక్కువా? చూడండి. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం చేసింది. రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు ఉంది. 1959లో భూబదిలీ నిబంధనలు వచ్చాయి. వాటిని సవరించి 1970లో తెచ్చిందే మనం రోజూ అనే వన్ ఆఫ్ సెవెంటీ. 1996లో పెసా, అంటే షెడ్యూల్డ్ ఏరియాల్లో గ్రామసభకు అధికారాలిచ్చిన పంచాయతీ చట్టం. 1997లో సమతా తీర్పు. 2006లో అటవీ హక్కుల చట్టం. వరసగా పేర్చితే ఇంత బలమైన రక్షణ ఇంకెవరికుంది అనిపిస్తుంది. మరి భూమి ఎందుకు పోతోంది?

వన్ ఆఫ్ సెవెంటీనే తీసుకోండి. ఏజెన్సీలో స్థిరాస్తి గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికి బదిలీ చేసినా చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఇది చాలామందికి తెలియదు. పైగా ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అతని మీదే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధన సరైనదేనని చెప్పింది. అయినా ఏమవుతోంది? ఈ భూబదిలీ నిబంధనల కింద వేసిన ఎల్‌టీఆర్ కేసు గెలుస్తాం. స్వాధీనం చేశామని పంచనామా రాస్తారు. మరుసటి పంటకు అదే పొలంలో పాత మనిషి నాగలే తిరుగుతుంది. కాకపోతే ఆదివాసీ జీతగాడి పేరు మీద కొని తను సాగు చేసుకుంటాడు. అమ్మకం పేరు రాయకుండా 'కౌలు' అని రాసుకుంటాడు. కౌలు కూడా బదిలీయే అని ఎంతమందికి చెప్పాం?

సమతా తీర్పు సంగతి మీకు తెలిసిందే. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద వచ్చిన కేసది. 1997 జులై 11న సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, బదిలీ నిషేధంలో 'వ్యక్తి' అన్నచోట ప్రభుత్వం కూడా వస్తుంది అని. అంటే సర్కారు తన భూమే కదా అని షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతర కంపెనీకి గని లీజు ఇవ్వడానికి లేదు. ఎంత పెద్ద మాట! ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలన్నీ ఈ మాటను దాటడానికి దారులు వెతికాయి. ప్రభుత్వ సంస్థ పేరు మీద లీజు తీసుకుని, తవ్వకం పని ప్రైవేటు వాళ్లకు అప్పగించడం అందులో ఒకటి. ఏ పార్టీ అని అడక్కండి. ఈ విషయంలో పార్టీలన్నీ అన్నదమ్ములే.

రాజకీయాల మీద నా అభిప్రాయం ఇదే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి నాయకుడూ అడవి నేల సాగు చేసుకునే పోడు రైతు భుజం మీద చెయ్యేస్తాడు. అధికారంలోకి రాగానే అదే రైతు 'ఆక్రమణదారుడు' అవుతాడు. తెలంగాణలో 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలైంది. సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా అని లెక్క చెప్పారు. మంచిదే, కాదనను. ఎన్నికలకు ఐదు నెలల ముందు అనే సంగతి కూడా మర్చిపోను. మళ్లీ 2025లో ఆసిఫాబాద్ అడవిని కుమురం భీం పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా, ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. ఆదివాసీలు రోడ్డెక్కితే దాన్ని నిలిపివేశారు. వన్యప్రాణి చట్టంలో ఏముంది? కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని రాసే ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని పాటించి ఉంటే జీవో ఇవ్వడం, ఆపడం రెండూ తప్పేవి.

టీచరు పోస్టుల సంగతి కూడా ఒక ముక్క చెప్తాను. ఏజెన్సీ బడుల్లో వంద శాతం స్థానిక ఆదివాసీలకే అన్న జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పును తిట్టడం తేలిక. కానీ అంతకుముందు ఇరవై ఏళ్లలో దాన్ని గట్టి చట్టంగా మార్చే పని ఎవరైనా పెట్టుకున్నారా? జీవో మీద బతికే హక్కు జీవోతోనే పోతుంది.

ఇక యుద్ధాలు. ఉక్రెయిన్ ఎక్కడ, ఉట్నూరు ఎక్కడ అనుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అదే నెల 30న అమెరికా, ఉక్రెయిన్ ఖనిజాల మీద ఒప్పందం రాసుకున్నాయి. యుద్ధంలో ఉన్న దేశం తనకు అందే సాయానికి లెక్క ఖనిజాల్లో కట్టాల్సి వస్తోంది. ఇది చూసిన ప్రతి ప్రభుత్వమూ ఏం చేస్తుంది? మన నేలలో ఏముందో తొందరగా తవ్వాలంటుంది. అదే ఏడాది సెప్టెంబరులో మన పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని చెప్పేసింది. కారణం దేశ రక్షణ.

అంతకుముందే, 2023లో, అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. అంతర్జాతీయ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు వ్యూహాత్మక రోడ్లు, లైన్లకు మినహాయింపు. భద్రతా నిర్మాణాలకు 10 హెక్టార్ల వరకు. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో రక్షణ అవసరాలకు, పారామిలిటరీ క్యాంపులకు, ప్రజా వినియోగ పనులకు 5 హెక్టార్ల వరకు. దానికి ముందు అదే చట్టం కింద వచ్చిన 2022 నిబంధనలు ఇంకో పని చేశాయి. 2009 ఆగస్టు 3 సర్క్యులర్ ప్రకారం అడవిని ఇతర పనులకు ఇవ్వాలంటే ముందు గ్రామసభ తీర్మానం ఉండాలి. 2022 తర్వాత కేంద్రం తన ఆమోదం తను ఇచ్చేస్తుంది. హక్కుల సంగతి రాష్ట్రం చూసుకోవాలి. ఢిల్లీ నుంచి అనుమతి వచ్చేసిన ప్రాజెక్టుకు గ్రామసభ వద్దు అంటే కలెక్టర్ ఆగుతాడా? మీరే చెప్పండి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఒక చట్టం నుంచి మినహాయింపు వస్తే మిగతా చట్టాల నుంచి వచ్చినట్టు కాదు. అటవీ సంరక్షణ చట్టంలో మినహాయింపు ఉన్నా అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) అలాగే ఉంది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యే దాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. పెసా కూడా అలాగే ఉంది. భూసేకరణకు ముందు సంప్రదింపు తప్పనిసరి. మన వాళ్లు ఆఫీసర్ నోటి మాట నమ్మి "మినహాయింపు వచ్చిందట" అని ఇంటికొచ్చేస్తున్నారు. ఏ చట్టంలో, ఏ సెక్షన్ కింద, రాసివ్వమని అడగండి.

ఐక్యరాజ్యసమితి గురించి కూడా అడుగుతారు కదా. 2007 సెప్టెంబరు 13న ఆదివాసీ హక్కుల ప్రకటన ఆమోదించారు. అనుకూలం 144 దేశాలు, వ్యతిరేకం నాలుగు. ఆ నాలుగు ఏవి? అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్. అంటే ఎవరి భూమి మీద దేశం కట్టుకున్నారో వాళ్ల హక్కుల్ని ఆ నలుగురే కాదన్నారు. తర్వాత మనసు మార్చుకున్నారనుకోండి. భారతదేశం ఓటు అనుకూలమే. కానీ ఇక్కడున్న వాళ్లంతా మూలవాసులేనని మన ప్రభుత్వ వాదన. అందరూ ఆదివాసులే అయితే ఆ ప్రకటన ఎవరికి వర్తిస్తుంది? అందుకే అంతర్జాతీయ ప్రకటనల మీద నాకు పెద్ద ఆశ లేదు. ఆస్ట్రేలియాలో 2023 అక్టోబరు 14న ఆదివాసుల గొంతుకు రాజ్యాంగంలో చోటివ్వాలా అని ఓటు పెడితే అరవై శాతం మంది వద్దన్నారు. సానుభూతి ఓటుగా మారుతుందనుకోవడం మన భ్రమ.

మన ఇంటి యుద్ధం సంగతి ఎవరూ మాట్లాడరు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 జూన్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో ఆదివాసీలనే నడిపిన సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. ఒకవైపు తుపాకీ, రెండోవైపూ తుపాకీ. మధ్యలో ఉన్నవాళ్లు సరిహద్దు దాటి మన భద్రాద్రి, ములుగు, చింతూరు అడవుల్లోకి వచ్చారు. గుత్తికోయలని పిలుస్తాం. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. కానీ వచ్చినవాళ్ల గతి? అటవీ హక్కుల చట్టంలో గడువు తేదీ 2005 డిసెంబరు 13. ఆ రోజుకు సాగులో ఉండాలి. జూన్‌లో మొదలైన దాడులకు డిసెంబరు లోపు పారిపోయి వచ్చినవాడికి, 2006లో వచ్చినవాడికి మధ్య తేడా ఏమిటి? చట్టానికి చాలా తేడా ఉంది. పునరావాసం లేకుండా ఆ తేదీకి ముందు అక్రమంగా వెళ్లగొట్టబడినవాళ్లకు సెక్షన్ 3(1)(ఎం) కింద హక్కుంది, అదీ వాళ్లు వదిలేసి వచ్చిన చోట. తర్వాత వచ్చినవాళ్లకు అక్కడా లేదు, ఇక్కడా లేదు. ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ కూడా దొరకదు. వాళ్ల వల్ల మన అడవి పోతోందని మన కోయలే కొందరు గొడవపడుతున్నారు. అది నిజమైన ఇబ్బందే, కొట్టిపారేయను. కానీ గుడిసెలు పీకే జేసీబీ ఈ ఏడాది వాళ్ల దగ్గరికి వస్తే, వచ్చే ఏడాది ఎవరి దగ్గరికి వస్తుంది?

ఇప్పుడు అసలు పనికి వద్దాం. గ్రామసభకు నిజంగా బలముందా? ఉంది. ఒడిశాలో నియమగిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైట్ గని సంగతి గ్రామసభలే తేల్చాలంది. జులై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. జిల్లా జడ్జి కూర్చుని చూశారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది. అక్కడ గెలిపించింది ఏమిటి? జడ్జి ఎదుట, ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడటం. ఆ మాటలు అక్షరం పోకుండా కాగితం మీదికి ఎక్కడం.

మన దగ్గర సభ ఎలా జరుగుతోంది? రెండు రకాలుగా పాడవుతోంది. మొదటిది, పంచాయతీ ఆఫీసు దగ్గర ఆరు గూడేలకు కలిపి ఒకే సభ. ఇది చెల్లదు. పెసాలో గ్రామం అంటే పంచాయతీ కాదు, ఒక గూడెం లేదా కొన్ని గూడేలు, తమ వ్యవహారాలు తాము ఆచారం ప్రకారం చూసుకునే సముదాయం. అటవీ హక్కుల చట్టం కూడా షెడ్యూల్డ్ ఏరియాలో ఆ నిర్వచనాన్నే తీసుకుంది. రెండోది, సభ జరగకుండానే కాగితం తయారవడం. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. హాజరు పట్టిక తిరగేయండి. యాభై సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటాయి. చనిపోయినవాళ్ల పేర్లుంటాయి. చదువుకున్న పిల్లవాడి పేరు ఎదురుగా వేలిముద్ర ఉంటుంది. సంతకాల పేజీ ఒక కాగితం, తీర్మానం ఇంకో కాగితం, రెండింటి మీదా పేజీ నంబరు ఉండదు. పక్క మండలంలోని తీర్మానం తెచ్చి పక్కన పెట్టండి, ఊరి పేరు తప్ప వాక్యాలన్నీ ఒకటే. రేషను కోసమో, పింఛను కోసమో పెట్టించుకున్న సంతకాలే గనికి ఆమోదంగా మారిపోతాయి. ఇది ఎక్కడో ఒకచోట జరిగే సంగతి కాదు.

మరి సరైన సభ ఎలా ఉండాలి? అటవీ హక్కుల విషయమైతే 2012 సెప్టెంబరు 6న సవరించిన నిబంధనలున్నాయి. గ్రామసభ సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. క్లెయిముల మీద, అంటే హక్కు కోసం పెట్టుకున్న దరఖాస్తుల మీద, తీర్మానమైతే క్లెయిము పెట్టినవాళ్లలో సగం మంది, లేదా వాళ్ల తరపువాళ్లు, అక్కడ ఉండాలి. మీ గూడెంలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు 240 మంది అనుకోండి. 120 మంది రావాలి. ఆ 120లో కనీసం 40 మంది మహిళలు. అరవై సంతకాలతో తీర్మానం కనబడితే ఇక లోపలి మాట చదవక్కర్లేదు, కోరం లేదు. ఈ ఒక్క లెక్కతో ఎన్ని ఫైళ్లు ఆగుతాయో!

చాటింపు వేయించండి. ఫలానా తేదీ, ఫలానా ఎజెండా అని కాగితం మీద రాసి గోడకు అంటించి ఫోన్లో ఫోటో తీయండి. మినిట్స్ పుస్తకం బైండు పుస్తకమే ఉండాలి, విడి కాగితాలు వద్దు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ముందే నంబర్లు వేయండి. తీర్మానం ముందు, సంతకాలు తర్వాత. తీర్మానం ఎక్కడ అయిపోతే అక్కడే గీత కొట్టి, గీత కింద నుంచే సంతకాలు. మధ్యలో ఖాళీ వదిలితే అందులో తర్వాత ఏం చేరుతుందో మీకు చెప్పక్కర్లేదు. కోయలో, గోండిలో, కువిలో మాట్లాడింది తెలుగులో రాస్తారు కాబట్టి సంతకాలకు ముందు మళ్లీ మీ భాషలో చదివించుకోండి. రాసేవాడు "పరిశీలించవలసిందిగా కోరడమైనది" అని పెడతాడు. మీరన్నది వద్దు అని. రెండూ ఒకటేనా? వద్దు అంటే వద్దు అనే రాయించండి. సభ ముగియగానే ప్రతి పేజీ ఫోటో తీసి నలుగురి ఫోన్లలో ఉంచండి. నకలు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరుకు, ఆర్డీవోకు ఇచ్చి, ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే రిజిస్టర్డ్ పోస్టు.

అటవీ హక్కుల కమిటీ సంగతి. పది నుంచి పదిహేను మంది. మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడో వంతు మహిళలు. క్లెయిము వచ్చాక కమిటీ పొలం దగ్గరికి వెళ్తుంది. ముందుగా ఫారెస్టు, రెవెన్యూ వాళ్లకు తేదీ రాసి పంపాలి. ఇక్కడే మనవాళ్లు తప్పు చేస్తారు. బీటు ఆఫీసరుకు నోటితో చెప్పి ఊరుకుంటారు. తర్వాత "మాకు చెప్పలేదు" అని అభ్యంతరం పెడతారు. సమాచారం అందలేదని రుజువైతే ఒక్కసారి మాత్రం తిరిగి పరిశీలనకు పంపొచ్చు. రెండోసారి కూడా వాళ్లు రాకపోతే క్షేత్ర పరిశీలన మీద గ్రామసభ మాటే చివరిది. ఈ నిబంధన కాగితం జేబులో పెట్టుకుని తిరగండి.

సాక్ష్యాలు ఒకటి కంటే ఎక్కువ కావాలి. ఓటరు కార్డు, రేషను కార్డు, ఇంటి పన్ను రసీదు. పొలంలో గట్లు, చదును చేసిన నేల, చెక్‌డ్యాము, పాత బావి, సమాధులు. ఫారెస్టువాళ్లు పెట్టిన పాత కేసు కాగితాలుంటే పారేయకండి, దాని మించిన సాక్ష్యం లేదు. 2003లో పోడు కొట్టావని కేసు పెట్టారంటే, 2003లో నువ్వు అక్కడున్నావని వాళ్లే రాసిచ్చినట్టు కదా! క్లెయిముదారు కాని పెద్దమనిషి వాంగ్మూలం రాయించినా సాక్ష్యమే. ఉపగ్రహ చిత్రంలో కనబడలేదని తిప్పి పంపుతారు. నిబంధన ఏమంటుంది? ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు. గరిష్ఠం నాలుగు హెక్టార్లు, అంటే పది ఎకరాల లోపు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా రావాలి. వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి లేదు.

ముంపు ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు ఇది ప్రాణాధారం. పోలవరం ముంపు మండలాల్ని 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చినప్పుడు ఏ గూడేన్నీ అడగలేదు. ఇప్పుడు పరిహారం దగ్గర మాత్రం పట్టా ఏదని అడుగుతారు. ఆర్ఓఎఫ్ఆర్, అంటే అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా లేని పోడు భూమి సర్వేలో 'అటవీ భూమి'గా ఎక్కుతుంది. దాని మీద నీ పేరే ఉండదు. అల్లూరి జిల్లాలో నీటిని పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తున్నాయంటున్నారు కదా, ఆ ఊళ్లవాళ్లు పరిహారం రేటు గురించి తర్వాత మాట్లాడొచ్చు. ముందు క్లెయిములు పెట్టండి.

క్లెయిము తిరస్కరిస్తే? కారణాలు రాసి, మనిషి చేతికి ఇవ్వాలి. ఆ రోజు నుంచి 60 రోజుల్లో అప్పీలు. గ్రామసభ నిర్ణయం మీదైతే సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ మీదైతే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి. కమిటీ తలుచుకుంటే ఇంకో 30 రోజులు ఇవ్వొచ్చు. అసలు తిరస్కరణ నోటీసే చేతికి రాకపోతే గడువు ఎప్పుడు మొదలైనట్టు? ఆ మాటే అప్పీలులో మొదటి వాక్యంగా రాయండి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమన్నప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. పదిహేను రోజులకు, 28న, అదే కోర్టు ఆపింది. తిరస్కరణలు పద్ధతి ప్రకారం జరిగాయా అనే ప్రశ్న అప్పుడే పైకొచ్చింది.

చివరగా, అందరూ వదిలేసినది ఒకటి. వ్యక్తిగత పట్టాల కోసం ఫారం ఏ నింపుతున్నారు. ఫారం సి ఎంతమంది చూశారు? సామాజిక అటవీ వనరుల హక్కు. మీ ఊరు తరతరాలుగా వాడుకునే అడవి మొత్తం మీద కాపాడే, నిర్వహించే హక్కు. గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే గోండు ఊరికి 2009లో ఇలా సుమారు 1,800 హెక్టార్ల మీద హక్కు వచ్చింది. 2011లో తమ వెదురుకు రవాణా పర్మిట్లు తామే ఇచ్చుకునే అధికారం గ్రామసభకు దక్కింది. పట్టా ఇచ్చి పది ఎకరాల్లో కూర్చోబెట్టడం ప్రభుత్వాలకు ఇష్టమే. అడవి మొత్తం ఊరికి ఇవ్వడమే ఇష్టం లేదు. నా దృష్టిలో గనిని ఆపగలిగేది కూడా ఇదే.

ఫారం సి తో వచ్చే చిక్కు సరిహద్దు. మీ ఊరు మాదనే వాగు పక్క ఊరు కూడా మాదే అంటుంది. రేంజర్ ఈ గొడవ చూపించి ఫైలు పక్కన పెడతాడు. దీనికి నిబంధనల్లో దారి ఉంది. రెండు ఊళ్ల కమిటీలు కలిసి కూర్చుని ఒప్పుకుని, రెండు గ్రామసభల్లోనూ తీర్మానం చేయాలి. తేలకపోతేనే సబ్ డివిజన్ కమిటీకి. కాబట్టి పెద్దవాళ్లను, పశువులు కాసేవాళ్లను వెంటపెట్టుకుని, పక్క ఊరి పెద్దల్ని కూడా పిలుచుకుని, వాగులు, గుట్టలు, దేవతల గద్దెల పేర్లతో ఎండాకాలంలోనే హద్దు నడవండి. వానలు పడితే పొదలు లేచి ఏ గుర్తూ కనబడదు. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు ఆడవాళ్ల వైపు నుంచి.